స్లిమ్ విజయాన్ని మ్యాపు మీద వెతికిన రోజులు

సైన్యంలో అధికారిగా ఉన్నవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఒక పాత యుద్ధాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి, తోటి అధికారుల ముందు నిలబడి విశ్లేషించే పని పడుతుంది. మేము దాన్ని క్యాంపెయిన్ స్టడీ అంటాం. నేను మేజర్‌గా ఈశాన్యంలో ఉన్నప్పుడు ఆ వంతు నాకు వచ్చింది. విషయం రెండో ప్రపంచ యుద్ధంలోని బర్మా రంగం. 1942లో చావుదెబ్బ తిని వెనక్కి వచ్చిన సేనను 1945లో రంగూన్ వాకిలి దాకా నడిపించిన బ్రిటిష్ సేనాపతి విలియం స్లిమ్‌లో ఉన్న నాయకత్వ లక్షణాలు ఏమిటో తేల్చాలి.

మా కమాండింగ్ ఆఫీసర్ ఒకే షరతు పెట్టారు. ధైర్యం, పట్టుదల, దూరదృష్టి అంటూ పేర్లు వల్లెవేస్తే వినేది లేదన్నారు. ఏ లక్షణం పేరెత్తినా దానికి ఒక తేదీ, ఒక చోటు, ఒక నిర్ణయం చూపించాలి. అదే కుర్చీలో ఇంకొకరు ఉంటే ఆ నిర్ణయం వేరుగా ఉండేదా అన్న ప్రశ్నకు జవాబు కూడా చెప్పాలి. ఈ రెండో మాట నా పనిని పూర్తిగా మార్చేసింది. గెలిచిన సేనాపతిలో సుగుణాలు వెతకడం తేలిక. గెలిచాడు కాబట్టి ఆయన చేసిన ప్రతి పనీ గొప్పగానే కనిపిస్తుంది. ఆ గెలుపులో ఆయన వాటా ఎంత, విమానాల వాటా ఎంత, శత్రువు పొరపాట్ల వాటా ఎంత అని విడదీయడమే అసలు కష్టం.

పుస్తకాలు తెరవక ముందే మ్యాపులు పరిచాను. బర్మాలో కొండలూ నదులూ దాదాపు అన్నీ ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. అటు నుంచి ఇటు రావాలన్నా, ఇటు నుంచి అటు పోవాలన్నా సేన వాటిని అడ్డంగా దాటవలసిందే. మే మధ్య నుంచి అక్టోబరు దాకా వానలు. దిమాపూర్ రైలు స్టేషన్ నుంచి కొహిమా మీదుగా ఇంఫాల్‌కు 200 కిలోమీటర్లకు పైగా ఒకే ఒక్క రోడ్డు. ఉద్యోగరీత్యా నేను తరచూ తిరిగిన రోడ్డే అయినా, ఎర్ర పెన్సిలుతో గీసి చూసేదాకా దాని విలువ నాకు పూర్తిగా అర్థం కాలేదు. లక్ష మందికి పైగా మనుషుల తిండి, మందుగుండు, పెట్రోలు అంతా ఆ ఒక్క గీత మీద నడిచింది. ఆ గీతను ఎక్కడ తెంచినా చాలు.

తర్వాత చార్టు కాగితాలు అతికించి పొడవాటి పట్టీ ఒకటి తయారు చేశాను. అందులో మూడు వరుసలు. పై వరుసలో ఆ రోజు నిజంగా జరిగింది. మధ్య వరుసలో ఆ రోజుకు స్లిమ్‌కు తెలిసింది. కింది వరుసలో ఆయన చేసింది. మధ్య వరుస నింపడానికే ఎక్కువ కాలం పట్టింది. యుద్ధం ముగిశాక రాసిన చరిత్రల్లో రెండు పక్షాల సంగతులూ కలిసిపోయి ఉంటాయి. జపాన్ సేనానుల మనసులో ఉన్నదంతా స్లిమ్‌కు అప్పుడే తెలుసేమో అనిపించేలా కథనం సాగిపోతుంది. ఆ పీటముడి విప్పితే తప్ప ఆయన నిర్ణయాల బరువు మనకు అందదు. ఇలాంటి అధ్యయనానికి పూనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఈ మధ్య వరుస గురించే.

1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. స్లిమ్ బర్మా కోర్ పగ్గాలు అందుకున్నది ఆ తర్వాతే. కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన సేన. అప్పటికే రేవు పోయింది, కొత్త బలగాలు వచ్చే దారి మూసుకుపోయింది, పదిహేడో భారత డివిజన్ సిట్టాంగ్ వంతెన దగ్గర చితికిపోయింది. కొద్ది రోజుల్లోనే ఆకాశం కూడా శత్రువు వశమైంది. ఇక మిగిలింది భారత సరిహద్దు దాకా వెనకడుగు. బర్మా నుంచి వైదొలగిన ఆ సేన మొత్తం మీద నడిచిన దూరం దాదాపు 1,500 కిలోమీటర్లు. యెనాంగ్‌యాంగ్ చమురు బావులను తమ చేతులతోనే ధ్వంసం చేసి, చింద్విన్ ఒడ్డున ట్యాంకులు వదిలేసి, వానలు దిగే వేళకు కొండలు దాటారు.

ఇందులో విజయం ఏదీ లేదు. అయినా నాకు తొలి ఆధారం ఇక్కడే దొరికింది. చిరిగిన బట్టలతో, జ్వరాలతో, ఎముకల గూళ్లుగా వచ్చిన ఆ మనుషులు ఆయుధాలు వదలకుండా, తమ దళాలతోనే వచ్చారు. ఓడిన సేన గుంపుగా చెదిరిపోవడం ఎంత సులువో సైన్యంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ ఓటమి గురించి స్లిమ్ తర్వాత రాసుకున్న తీరు నన్ను మరింత ఆకట్టుకుంది. తలపెట్టిన పని తలపెట్టినట్టు సాగినంత కాలం జపాన్ సేన భయంకరమైనదే గానీ, అనుకోనిది ఎదురైతే తికమకపడుతుందని తాను సకాలంలో గ్రహించలేదని, అన్నీ పక్కనపెట్టి ఎదురుదెబ్బ తీసి ఉండవలసిందని ఆయన ఒప్పుకున్నారు. అంతకు ముందు 1940 నవంబరులో, సూడాన్ సరిహద్దులోని గల్లబాత్ దగ్గర బ్రిగేడ్ కమాండర్‌గా ఇటాలియన్ల మీద విఫలమైనప్పుడు కూడా, రెండు దారుల్లో సాహసం తక్కువైనదాన్ని ఎంచుకున్నానని తన మీదే వేసుకున్నారు. నా పట్టీలో కింది వరుస నింపుతుంటే ఒక సంగతి స్పష్టమైంది. ఒకచోట తప్పిదంగా నమోదైనది తర్వాతి ఘట్టంలో పద్ధతిగా మారి కనిపిస్తుంది. నేను పేరు పెట్టి చూపించిన మొదటి లక్షణం ఇదే. తన ఓటమిని తనే పరీక్షించుకోగల నిబ్బరం. బాధ్యత నా మీద లేదని చెప్పుకోవడానికి 1942లో ఆయన దగ్గర కావలసినన్ని సాకులు ఉన్నాయి. రంగూన్ ఆయన హయాంలో పోలేదు, సిట్టాంగ్ వంతెన ఆయన పేల్చమన్నది కాదు.

1943 అక్టోబరులో స్లిమ్ చేతికి పద్నాలుగో సైన్యం వచ్చింది. ఈ ఘట్టంలో నన్ను పట్టి ఆపిన మొదటి అంకెకు తుపాకులతో సంబంధం లేదు. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కొక్క సైనికుడికి జబ్బుపడి వెనక్కి పంపినవాళ్లు 120 మంది. మలేరియా ఒక్కటే ఏడాదికి మొత్తం బలగంలో 84 శాతం. ఈ అంకెలను మా రెజిమెంటు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. 800 మంది ఉన్న బెటాలియన్ అనుకుంటే ఏడాదిలో 670కి పైగా మలేరియా కేసులు. ఒక్కో రోగిని వందల కిలోమీటర్లు వెనక్కి పంపితే అతను తిరిగి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అలాంటి బెటాలియన్‌ను నడిపే కమాండర్‌కు నిజంగా చేతిలో ఉన్న మనుషులెందరో ఏ రోజుకారోజు తెలియదని ఆయన అన్నప్పుడు, అప్పటిదాకా నేను పొడిగా చదివిన పేజీలు ఒక్కసారిగా బరువెక్కాయి.

స్లిమ్ చేసిన మార్పులు రెండు వైపుల నుంచి సాగాయి. మొదటిది, మలేరియా చికిత్స కేంద్రాలను యుద్ధరంగానికి కొద్ది మైళ్ల వెనకే పెట్టించారు. అయిదు నెలలు కనిపించకుండా పోయే మనిషి మూడు వారాల్లో తన దళానికి తిరిగి వచ్చేలా చూశారు. రెండోది మలేరియా రాకుండా ఇచ్చే మెపాక్రిన్ మాత్ర. అది రోజూ మింగాలి. ఒళ్లు పసుపు పచ్చగా మారుతుంది. మగతనం పోతుందన్న పుకారు ఒకటి సైనికుల్లో బలంగా ఉండేది. మాత్ర చేతికి ఇచ్చినంత మాత్రాన అది గొంతు దిగదు. అందుకని చెప్పాపెట్టకుండా ఒక దళం మొత్తాన్ని పరీక్ష చేయించేవారు. 95 శాతం కంటే తక్కువ మందిలో మందు కనిపిస్తే ఆ దళం కమాండింగ్ ఆఫీసర్‌ను పదవి నుంచి తప్పించేవారు. ముగ్గురిని తప్పించేసరికి మిగతావాళ్లకు విషయం అర్థమైంది. 1945 నాటికి జబ్బుపడేవారి సంఖ్య రోజుకు వెయ్యి మందిలో ఒకరికి దిగిపోయింది.

మా సి.ఓ., అంటే కమాండింగ్ ఆఫీసర్, అడిగిన ప్రశ్నను ఇక్కడ పెట్టి చూశాను. ఇంకొకరు ఉంటే? మాత్రలు ఎవరున్నా వచ్చేవి. డాక్టర్లూ ఉండేవారు. ఉత్తర్వులూ వెళ్లేవి. అయితే రోగంతో జరిగే పోరులో సగానికి పైగా డాక్టర్లది కాదని, రెజిమెంటు అధికారులదని నమ్మి, మాత్ర మింగించని అధికారిని యుద్ధంలో ఓడిన అధికారితో సమానంగా చూసే కమాండర్ అరుదు. నా మటుకు నాకు ఇదే స్లిమ్ నాయకత్వానికి అన్నింటికంటే బలమైన రుజువు. ఎర్రబాణాలతో గీసిన దాడుల మ్యాపుల కంటే ఈ 95 శాతం నియమం ఎక్కువ మందిని రంగూన్ వైపు నడిపించిందని నా అభిప్రాయం. ఇప్పటికీ అది మారలేదు.

ఈ కోవలోవే ఇంకా ఉన్నాయి. ముందు వరుసలో ఉన్న దళాలకు సగం రేషన్ ఇవ్వవలసి వచ్చినప్పుడల్లా తన కార్యాలయ సిబ్బందికీ సగం రేషనే పెట్టించేవారు. దానివల్ల ఆదా అయ్యే బియ్యం పెద్దగా ఉండదని ఆయనకూ తెలుసు. సరకుల కొరతను తమ పొట్టతో గుర్తుపెట్టుకున్న సిబ్బంది ముందువాళ్ల కోసం వేగంగా కదులుతారన్నది లెక్క. విమానాల నుంచి సరకులు జారవిడవడానికి పట్టు పారాచూట్లు దొరకనప్పుడు, ఆయన సరఫరా విభాగాధిపతి స్నెల్లింగ్ కలకత్తా జనపనార మిల్లుల వాళ్లను పట్టుకుని జనపనారతో పారాచూట్లు నేయించారు. పట్టుది 20 పౌండ్లకు పైగా అయితే ఇది ఒక పౌండు చిల్లర. కొత్త వస్తువు పనికిరాకపోతే ఆ బాధ్యత తనదని స్లిమ్ ముందే భరోసా ఇవ్వబట్టే కిందివాళ్లు అంత చొరవ చేయగలిగారు.

సైనికుల మనసు సంగతి కూడా ఇలాగే పట్టించుకున్నారు. అడవిలో జపాన్ సైనికుడిని ఎవరూ గెలవలేరన్న భయం 1942 నుంచి పాతుకుపోయి ఉంది. ఉపన్యాసాలతో అది పోదు. మొదట చిన్న చిన్న గస్తీ దళాలను పంపి, అవి గెలిచి తిరిగి వచ్చేలా చూశారు. ప్లటూన్, కంపెనీ, బెటాలియన్, బ్రిగేడ్ అన్నవి వరుసగా ఒకదానికంటే ఒకటి పెద్ద దళాలు. తర్వాత శత్రువు కంపెనీ ఉన్న చోటికి ఏకంగా బ్రిగేడ్‌ను, ప్లటూన్ ఉన్న చోటికి బెటాలియన్‌ను పంపారు. ఇంత చిన్న పనికి అంత బలగమా అని విమర్శలు వచ్చినా లెక్కచేయలేదు. గెలుపు రుచి తెలియని సేనకు మొదటి ముద్ద తనే కలిపి పెట్టారు.

ఇవన్నీ ఉన్నాయి కాబట్టే 1944 ఫిబ్రవరిలో బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో కొత్త పద్ధతి నిలబడింది. చుట్టుముడితే వెనక్కి రావద్దు, ఉన్నచోటే పాతుకోండి, తిండీ మందుగుండూ ఆకాశం నుంచి దిగుతాయి అన్నది ముందే నిర్ణయించి, ప్యాకింగుతో సహా సిద్ధం చేసి పెట్టుకున్న ఏర్పాటు. సిన్జ్‌వేయా దగ్గర ఏడో భారత డివిజన్‌ను జపాన్ దళాలు చుట్టుముట్టాయి. పాత అనుభవం ప్రకారం డివిజన్ వెనక్కి పరుగెత్తాలి. అది కదల్లేదు. శత్రువు సరకులు దోచుకుని బతకవచ్చన్న ఆశతో వచ్చిన జపాన్ సేనకే చివరికి తిండి కరవైంది.

ఇంఫాల్ ఘట్టం వచ్చేసరికి కాగితాలు పక్కనపెట్టి నేల మీదికి వెళ్లాను. ఆ కొండలు నాకు దగ్గర్లోనే ఉండటం అదృష్టం. ముతగుచి నాయకత్వంలో జపాన్ పదిహేనో సైన్యం మూడు డివిజన్లతో, మూడు వారాల తిండితో 1944 మార్చిలో దిగింది. స్లిమ్ పథకం ధైర్యం కంటే ఓపిక ఎక్కువగా కావలసింది. ముందుకు చొచ్చుకుని ఉన్న రెండు డివిజన్లను ఇంఫాల్ మైదానానికి వెనక్కి రప్పించి, శత్రువును కొండల ఈవలికి రానిచ్చి, అతని సరఫరా దారి సాగినంత సాగాక, వానలు వెనక నుంచి తరుముతుండగా పోరాడాలి. రెండేళ్ల కిందట వెనక్కి నడిచిన సైనికులను మళ్లీ వెనక్కి నడవమని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవాలి.

ఇక్కడ ఆయన లెక్క రెండుచోట్ల తప్పింది. టిడ్డిం వైపు ఉన్న పదిహేడో డివిజన్‌కు వెనక్కి రమ్మన్న ఆజ్ఞ ఆలస్యమైంది. దాని దారి తెగింది. కొహిమా మీదికి జపాన్‌వాళ్లు ఒక రెజిమెంటును మాత్రమే పంపగలరని అనుకుంటే, సాటో నడిపిన డివిజన్ మొత్తంగా వచ్చిపడింది. కొహిమాలో ఉన్నది దాదాపు 2,500 మంది, అందులో పోరాడగలిగినవారు 1,500. నా పట్టీలో మధ్య వరుసకూ పై వరుసకూ మధ్య అతి పెద్ద దూరం కనిపించినది ఈ వారాల్లోనే. కింది వరుసలో కనిపించినది వేగం. మార్చి 19న అయిదో భారత డివిజన్‌ను అరకాన్ పోరు నుంచి తీసి, ఫిరంగులూ కంచరగాడిదలతో సహా విమానాల్లో ఎక్కించడం మొదలైంది. చైనాకు సరకులు మోస్తున్న విమానాలను ఆగ్నేయాసియా రంగం సర్వసేనాధిపతి మౌంట్‌బాటెన్ తన పూచీ మీద మళ్లించి ఇచ్చారు. ఆ విమానాలు స్లిమ్‌వి కావు, ఆ అధికారం కూడా ఆయనది కాదు. ఆ వాటా మౌంట్‌బాటెన్‌కే రాశాను. అడగవలసిన రోజునే అడగడం, వచ్చినదాన్ని ఒక్క పూట కూడా వృథా కానివ్వకపోవడం స్లిమ్ ఖాతాలో వేశాను.

నుంగ్‌షిగుమ్ కొండ ఇంఫాల్ మైదానంలోంచి వెయ్యి అడుగులకు పైగా లేచి ఉంటుంది. ఒక ఉదయం దాన్ని ఎక్కాను. కింద నుంచి చూస్తే ఏటవాలు కొంత నయంగానే ఉందనిపిస్తుంది. శిఖరం దగ్గరపడేకొద్దీ వెన్నుగట్టు ఎంత ఇరుకవుతుందంటే ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి తప్ప పోలేవు. 1944 ఏప్రిల్ 13న 17వ డోగ్రా రెజిమెంటు మొదటి బెటాలియన్ సైనికులు, కార్బినీర్స్ రెజిమెంటు ట్యాంకులు ఆ వెన్ను మీదుగానే ఎక్కాయి. దారి చూడటానికి ట్యాంకు కమాండర్లు తల బయటపెట్టాలి. తల పెట్టినవాళ్లు పెట్టినట్టు కూలిపోయారు. దాడిలో ఉన్న బ్రిటిష్ అధికారులందరూ చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆఖరి గజాలు నడిపించింది క్రాడక్ అనే సార్జెంట్ మేజర్, రణబీర్ సింగ్ అనే డోగ్రా సుబేదార్. కొండ వశమైంది.

పైన నిలబడి కిందికి చూస్తే ఇంఫాల్ మైదానం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ కొండ శత్రువు చేతిలో ఉంటే కింది విమాన స్థావరాలకు నిద్ర ఉండదని చెప్పడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. పోతే, సేనాపతి ఆ రోజు ఆ కొండ మీద లేరు. ఆయన కార్యాలయం దూరాన కొమిల్లాలో ఉంది. మరి ఇందులో ఆయన నాయకత్వం ఏది? ఆ కొండ దిగుతూ చాలాసేపు ఆలోచించాను. స్లిమ్ ఆపరేషన్ ఆర్డర్లు తను రాసేవారు కాదు, సిబ్బంది రాసేవారు. అందులో ఒక్క పేరా మాత్రం తనే రాసేవారు. ఉద్దేశం అన్న పేరా. మొత్తం ఆర్డరులో అన్నిటికంటే చిన్నది. ఏమి సాధించాలో అందులో ఉంటుంది, ఎలా అన్నది ఉండదు. అధికారులందరూ పడిపోయాక ఒక సుబేదార్ ఆజ్ఞ కోసం వెనక్కి చూడకుండా ముందుకు వెళ్లాడంటే, ఏమి సాధించాలో అతని దాకా చేరిందని అర్థం. సుబేదార్ ధైర్యం సుబేదార్‌దే, దాన్ని తీసుకెళ్లి సేనాపతి ఖాతాలో రాయడం అన్యాయం. ఆ ధైర్యం దారి తప్పకుండా ఉండే ఏర్పాటు మాత్రం పైవాడు చేయవలసిన పని.

కొహిమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు గీతలు ఇప్పటికీ కాంక్రీటుతో గుర్తు పెట్టి ఉన్నాయి. ఆ కోర్టుకు ఒక వైపు ఒక సేన, రెండో వైపు రెండో సేన. చేతి బాంబు విసిరే దూరం. అక్కడి శ్మశానవాటికలో 1,420 సమాధులు, దహనం చేసిన హిందూ సిక్కు సైనికుల స్మారకం మీద 917 పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు నిదానంగా చదివాను. నాయకత్వం గురించి మాట్లాడే ఎవరైనా ఇలాంటి గోడ ముందు కొంతసేపు నిలబడి తీరాలి.

జూన్ 22న 109వ మైలురాయి దగ్గర, శత్రువు తెంచిన కొహిమా ఇంఫాల్ రోడ్డు మళ్లీ తెరుచుకుంది. దాదాపు 85,000 మందితో వచ్చిన జపాన్ బలగంలో 50,000కు పైగా నష్టపోయారు. చాలామందిని చంపింది ఆకలి, రోగం. ముతగుచి తన ముగ్గురు డివిజన్ కమాండర్లనూ పదవుల నుంచి తీసేశాడు. సాటో తన సైనికులకు తిండి లేదని మొరపెట్టుకుని, చివరికి ఆజ్ఞను ధిక్కరించి వెనక్కి నడిచాడు. కొహిమా విషయంలో తన అంచనా తప్పిందని స్లిమ్ తనే చెప్పుకున్నారు. ఈ రెండు వైపులనూ నా పట్టీలో ఒకదాని కింద ఒకటి రాశాను. వ్యాఖ్య ఏదీ చేర్చలేదు.

ఇరావతి ఘట్టం కోసం సాండ్ మోడల్ వేశాం. ఇసుక పోసి, రంగు కలిపిన రంపపు పొట్టుతో అడవులు, నీలం పొడితో నదులు, ఊలు దారంతో రోడ్లు. మా హవల్దార్ ఒకాయన ఈ పనిలో సిద్ధహస్తుడు. చింద్విన్ మీద కలేవా దగ్గర కట్టిన 1,154 అడుగుల బెయిలీ వంతెనను, అంటే ఉక్కు విడిభాగాలు బిగించి కట్టే వంతెనను, అగ్గిపుల్లలతో పెట్టారు. ప్రపంచంలో అప్పటికి అంత పొడవైన బెయిలీ వంతెన మరొకటి లేదు.

స్లిమ్ మొదటి పథకం ప్రకారం చింద్విన్‌కూ ఇరావతికీ మధ్య ష్వెబో మైదానంలో జపాన్ సేనను పట్టి ట్యాంకులతో దెబ్బతీయాలి. కొత్తగా వచ్చిన జపాన్ కమాండర్ కిమురా ఆ వలలో పడలేదు. సేనను ఇరావతి వెనక్కి లాగేశాడు. 1944 డిసెంబరులో ఈ సంగతి తెలిసిన కొద్ది రోజుల్లోనే స్లిమ్ తన పథకాన్ని తనే చెరిపేసి కొత్తది గీశారు. 33 కోర్ ఉత్తరాన మాండలే వైపు నది దాటుతూ గట్టిగా చప్పుడు చేయాలి. 4 కోర్ మాత్రం గాంగా లోయ గుండా దాదాపు 500 కిలోమీటర్లు గుట్టుచప్పుడు కాకుండా దక్షిణానికి నడిచి, న్యాంగు దగ్గర నది దాటి, జపాన్ సరఫరాకు గుండెకాయ లాంటి మెయిక్టిలా మీద పడాలి. 4 కోర్ ఇంకా తాము అనే సరిహద్దు ఊరి దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా అక్కడ ఉత్తుత్తి హెడ్‌క్వార్టర్స్ పెట్టి వైర్‌లెస్ సందేశాలు నడిపించారు.

మోడల్ పూర్తయ్యాక నేను మాండలే వైపు నేల మీద చతికిలబడి, కళ్లు ఇసుక కొండల ఎత్తుకు తెచ్చి చూశాను. కిమురా కూర్చున్న చోటు అది. ఎదురుగా నది, నది అవతల 33 కోర్ ఎర్ర జెండాలు. పడమటి కొండల వెనక దారం లాంటి లోయలో సాగుతున్న 4 కోర్ అక్కడి నుంచి కనిపించనే కనిపించదు. కావాలంటే చూడండని జూనియర్ అధికారులను కూడా ఒక్కొక్కరిగా అక్కడ కూర్చోబెట్టాను. వాళ్ల ముఖాలు చూస్తే పాఠం అందిందని తెలిసింది. ఫిబ్రవరి 14న ఏడో డివిజన్ న్యాంగు దగ్గర నది దాటింది. ఏటవాలుగా దాటవలసి రావడంతో నీటి మీది దూరం మైలు మించింది. పదిహేడో డివిజన్, 1942లో సిట్టాంగ్ దగ్గర చితికిపోయిన అదే డివిజన్, మార్చి మొదటి రోజుల్లో మెయిక్టిలాను పట్టుకుంది. మార్చి 20న మాండలే కోట చేతికి వచ్చింది.

ప్రసంగం రోజున చాలా ప్రశ్నలు వచ్చాయి. విమానాలు, ట్యాంకులు, మనుషులు అన్నీ ఎక్కువగా ఉన్నప్పుడు ఎవరైనా గెలుస్తారు కదా అని ఒకరు అడిగారు. 1945 వరకు వస్తే ఆ మాటలో చాలా నిజం ఉందని ఒప్పుకున్నాను. యూరప్ రంగంతో పోలిస్తే బర్మాకు అన్నీ మిగులే దక్కేవన్నదీ, ఆ మిగులుతోనే నదుల మీద పడవలు కట్టించుకున్నారన్నదీ పక్కన చేర్చాను. కలేవాలో చెట్లు కొట్టించి వందల పడవలు అక్కడికక్కడే తయారు చేయించారు. ఆధిక్యం తెచ్చిపెట్టినది కొంత, పుట్టించుకున్నది కొంత.

ఒక యువ లెఫ్టినెంట్ వేసిన ప్రశ్న గదిని నిశ్శబ్దం చేసింది. న్యాంగు అవతలి గట్టున ఉన్నది ధిల్లాన్ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజ్ దళం కదా, మనం ఎవరి గెలుపును చదువుతున్నాం సర్ అన్నాడు. మొయిరాంగ్‌లో 1944 ఏప్రిల్ 14న ఆ ఫౌజ్ జెండా ఎగరేసిన చోటికి కూడా నేను వెళ్లి వచ్చాను. నాకు తోచింది చెప్పాను. పద్నాలుగో సైన్యంలో అత్యధికులు భారతీయులే. ఎదుటి పక్షంలో స్వాతంత్ర్యం కోసం ప్రాణం పెట్టినవాళ్లూ భారతీయులే. ఒకరిని గౌరవించడానికి రెండోవారిని తక్కువ చేయనక్కర్లేదు. వలస పాలకుల సేనాపతి అయినంత మాత్రాన ఆయన దగ్గర నేర్చుకోకూడదన్న నియమమూ లేదు. గూర్ఖా దళాల్లో పనిచేసి, సైనికుల భాషలు నేర్చుకుని, వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడిన మనిషి ఆయన. అంతకు మించి ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఉందని నటించలేదు.

ఆఖరున మా సి.ఓ. అడిగారు. ఇన్ని నిర్ణయాలు చూపించావు, వీటివల్ల సైనికులు ఆయన్ని నిజంగా నమ్మారనడానికి ఆధారం ఏమిటి? దీనికి నేను 1945 మే నెలను పట్టీ మీద చూపించాను. రంగూన్ చేతికి వచ్చిన కొద్ది రోజులకే పై అధికారి లీస్ స్లిమ్‌ను పద్నాలుగో సైన్యం నుంచి తప్పించబోయాడు. వార్త పొక్కడంతో అధికారుల్లో ఆగ్రహం రేగింది. నిరసన లండన్ దాకా వెళ్లింది. ఆ నిర్ణయం రద్దయింది. లీస్ పదవి పోయింది, ఆ పదవిలోకి ఆగస్టులో స్లిమ్ వచ్చారు.

సి.ఓ. ఇంకేమీ అడగలేదు. పట్టీని చుట్టి రెజిమెంటు లైబ్రరీలో పెట్టమన్నారు. తర్వాతి వంతు ఆ లెఫ్టినెంటుకే వచ్చింది. 1971 డిసెంబరులో 4 కోర్ దళాలను హెలికాప్టర్లలో మేఘనా నది దాటించిన సగత్ సింగ్ మీద. సాయం కోసం నా దగ్గరకు వస్తే ఖాళీ చార్టు కాగితాలు ఇచ్చి, మధ్య వరుసతో మొదలుపెట్టమన్నాను.